ఉందంటుంది... లేదంటుంది!

రాత్రి తొమ్మిదిన్నర. గుంటూరులో ఓ ఇల్లు. హాల్లో టీవీ కట్టేశారు. కారణం... డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, పన్నెండో తరగతి చదివే అమ్మాయి కళ్లనీళ్లు ఆపుకుంటూ కూర్చుంది. తెల్లారితే కంప్యూటర్ సైన్స్ ప్రాక్టికల్. బయటి స్కూలు నుంచి ఎగ్జామినర్ వస్తారు. ఆయన ముందు ప్రాజెక్టు నడిపి చూపించాలి.

మూడు నెలలు కష్టపడి రాసుకున్న ప్రోగ్రాము అది. స్కూలు లైబ్రరీలో ఏ పుస్తకం ఎవరు తీసుకెళ్లారు, ఎప్పుడు తిరిగిచ్చారు... అన్నీ లెక్క చూస్తుంది. రాసింది పైథాన్‌లో. వివరాలు దాచింది మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో. స్కూల్లో చక్కగా నడిచింది. ఆలస్యంగా ఇచ్చిన పుస్తకాలకు జరిమానా లెక్కగట్టే ముక్క ఒక్కటి కలిపితే బాగుంటుందని టీచరు అంటే, ఇంటికి తెచ్చి కలిపింది. సరిచూద్దామని అన్నయ్య వదిలేసి వెళ్లిన పాత ల్యాప్‌టాప్‌లో నడిపితే, మొదటి లైను దగ్గరే ఆగిపోయింది. తెరమీద ఎర్రటి అక్షరాలు... 'నో మాడ్యూల్ నేమ్డ్ మైఎస్‌క్యూఎల్ డాట్ కనెక్టర్'. ఆ పేరుగల మాడ్యూల్ ఏదీ లేదు పొమ్మంటోంది.

లేకపోతే తెచ్చుకోవాలి. అదీ తెలుసు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఓ వీడియోలో చూసినట్టే 'పిప్ ఇన్‌స్టాల్' కొట్టింది. వచ్చేసిందని చెప్పింది. మళ్లీ ప్రోగ్రాము నడిపింది. మళ్లీ అదే ఎర్రర్. మళ్లీ పిప్. ఈసారి 'ఆల్రెడీ శాటిస్‌ఫైడ్' అంది. నువ్వడిగింది ఇప్పటికే ఉంది కదా అని! ఒకే ల్యాప్‌టాప్. నల్లటి విండోలో అడిగితే ఉందంటుంది. తెల్లటి విండోలో అడిగితే లేదంటుంది. తీసేసి మళ్లీ పెట్టడం మూడుసార్లయింది. కంప్యూటర్ రీస్టార్ట్ చేయడం రెండుసార్లు. దేవుడికి దండం ఒకసారి.

చివరికి వాళ్ల నాన్న బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుక్కి ఫోన్ కలిపి అమ్మాయి చేతికిచ్చారు.

''అన్నయ్యా, నీ ల్యాప్‌టాప్ పాడైపోయింది'' అంది ఏడుపు గొంతుతో.

''ఏం పాడవలేదులే అమ్ములూ. ముందు ఆ ఇన్‌స్టాల్ చేయడం ఆపు. రెండు లైన్లు చెబుతాను, టైపు చెయ్'' అన్నాడతను.

సీబీఎస్‌ఈ పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్స్‌లో ఇప్పుడు పైథానే పాఠం. ఇంజినీరింగ్‌లోనూ, ఉద్యోగాల కోసం నేర్చుకునే కోర్సుల్లోనూ అదే. కాబట్టి ఇలాంటి రాత్రి ఏదో ఒకరోజు చాలా ఇళ్లకు వస్తుంది. వచ్చినప్పుడు పిల్లలు చేసే మొదటి పని తీసేసి మళ్లీ పెట్టడం. నిజానికి ఈ జబ్బుకు అది మందే కాదు. పైథాన్ 'లేదు' అన్నప్పుడు దానర్థం, లోకంలో లేదని కాదు. కంప్యూటర్‌లో లేదని కూడా కాదు. 'నేను వెదికిన చోట లేదు' అని. అంతే! మరి అది ఎక్కడ వెదికిందన్నదే అసలు ప్రశ్న.

ఆవాల డబ్బా

వంటింట్లో అమ్మ పోపు పెడుతోంది. ఆవాలు కావాలి. ముందు పొయ్యి పక్కన గట్టు మీద చూస్తుంది. లేకపోతే పోపుల పెట్టెలో. అక్కడా లేకపోతే పై అరలో. ఆఖరికి స్టోర్‌రూమ్‌లో. ఆవాలని రాసున్న మొదటి డబ్బా దొరగ్గానే వెతకడం ఆపేస్తుంది. ఇంకో చోట ఇంతకంటే మంచి ఆవాలున్నాయేమోనని చూడదు కదా. పైథాన్ కూడా ఇంతే. 'ఇంపోర్ట్' అన్న మాట కనబడగానే వెతుకులాట మొదలుపెడుతుంది. అప్పటికే తెచ్చిపెట్టుకున్నవీ, పైథాన్ కడుపులోనే ఉన్నవీ అయితే బయటికి వెళ్లే పనే లేదు. కాకపోతే దాని దగ్గర ఓ జాబితా ఉంటుంది. పేరు సిస్ డాట్ పాత్. ఆ జాబితాలో ఉన్న ఫోల్డర్లను పైనుంచి కిందికి వరసగా చూసుకుంటూ పోతుంది.

జాబితాలో మొట్టమొదటిది, నడుపుతున్న ప్రోగ్రాము ఉన్న ఫోల్డర్. అది గట్టు. తర్వాత 'పైథాన్‌పాత్' పేరుతో ఎవరైనా అదనంగా చెప్పి ఉంచిన చోట్లు. ఆ తర్వాత పైథాన్‌తోపాటే వచ్చే సొంత లైబ్రరీ. చిట్టచివర 'సైట్ ప్యాకేజెస్' అనే ఫోల్డర్. పిప్ బయటి నుంచి తెచ్చినవన్నీ చేరేది అక్కడికే. ఈ వరస తెలిస్తే సగం చిక్కులు విడిపోయినట్టే. మిగతా సగం... వంటిళ్లు ఎన్నున్నాయో తెలుసుకోవడం!

అవును, అన్నయ్య ల్యాప్‌టాప్‌లో ఉన్నవి రెండు వంటిళ్లు. బీటెక్ చదివే రోజుల్లో అతను అనకొండ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాడు. లెక్కలూ గ్రాఫులూ చేసేవాళ్లకు కావలసిన సరంజామా అంతా అందులో ఒకేసారి వస్తుంది. దానితోపాటు దాని సొంత పైథాన్ కూడా. మొన్నీమధ్య టీచరు చెప్పారని చెల్లెలు వెబ్‌సైట్ నుంచి కొత్త పైథాన్ దించి పెట్టుకుంది. ఆమె ప్రోగ్రాము రాసే ఐడిల్ ఈ కొత్తదానికి చెందింది. కమాండ్ ప్రాంప్ట్‌లో పిప్ అని కొడితే పలికింది మాత్రం పాతదాని పిప్. ఆమె తెప్పించిన సరుకు ప్రతిసారీ అన్నయ్య వంటింట్లోకి చేరింది. ఆమె వంటిల్లు ఖాళీగానే ఉంది. కాబట్టి రెండు విండోలూ నిజమే చెప్పాయి. పాపం, అబద్ధమాడింది ఏదీ లేదు.

(పాము పేరే పెట్టారు కాబట్టి అనకొండ అన్నారు గానీ, పైథాన్‌కి ఆ పేరు పాము మూలంగా రాలేదు. నెదర్లాండ్స్‌కు చెందిన గైడో వాన్ రోసమ్ 1991లో దీన్ని తొలిసారి విడుదల చేశారు. 'మాంటీ పైథాన్' అనే బ్రిటిష్ టీవీ హాస్య కార్యక్రమం ఆయనకు ఇష్టం. ఆ ముచ్చటతో పెట్టిన పేరిది.)

ఎవరి పిప్ వాళ్లదే

అన్నయ్య చెప్పిన రెండు లైన్లు ఇవే. ఐడిల్‌లో మొదట 'ఇంపోర్ట్ సిస్' అని కొట్టాలి. తర్వాత సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్ ఏంటో ప్రింట్ చేయమనాలి. ఇప్పుడు పనిచేస్తున్న పైథాన్ ఏ ఫోల్డర్‌లో కూర్చుందో పూర్తి చిరునామా తెరమీదికి వస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో 'వేర్ పైథాన్' అని అడిగితే అక్కడ పలికే పైథాన్ చిరునామా చెబుతుంది. రెండూ ఒకటి కాకపోతే దొంగ దొరికినట్టే. ఈ ఇంట్లో రెండూ ఒకటి కాలేదు.

''ఇప్పుడు ఆ మొదటి చిరునామా మొత్తం కాపీ చెయ్. చివర్న పైథాన్ పక్కన డబ్ల్యూ అక్షరం ఉంటే తీసెయ్. కోట్స్‌లో పెట్టు. దాని పక్కన గ్యాపిచ్చి హైఫన్ ఎమ్, తర్వాత పిప్ ఇన్‌స్టాల్, తర్వాత నీక్కావలసిన పేరు.''

ఇందులో కిటుకంతా ఆ 'హైఫన్ ఎమ్ పిప్'లో ఉంది. ఒట్టి పిప్ అంటే ముందు కనబడ్డ పిప్ పలుకుతుంది. పైథాన్ పేరు చెప్పి 'నీ పిప్' అంటే ఆ పైథాన్‌కి చెందిన పిప్పే కదులుతుంది. కాబట్టి ఇంట్లో ఒకే పైథాన్ ఉన్నా సరే, ఈ అలవాటే మంచిది.

ల్యాప్‌టాప్‌లో రెండో పైథాన్ ఉందని తెలియకుండానే ఉండటం చాలా మామూలు. 2020 జనవరి 1న పైథాన్ 2 కథ ముగిసింది. అంతకుముందు చాలా ఏళ్లపాటు రెండూ మూడూ ఒకే కంప్యూటర్‌లో కాపురం చేశాయి. లినక్స్‌లో అయితే సిస్టమ్ తన సొంత పనులకే ఒక పైథాన్ పెట్టుకుంటుంది. అందులో చెయ్యి పెట్టి ఏవేవో మార్చి, సిస్టమ్‌నే పడుకోబెట్టినవాళ్లున్నారు. ఆ బాధ పడలేకే 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి, అక్కడ నేరుగా పిప్ కొడితే 'ఇది నీ జోలికి రానిది' అని మొహమ్మీదే చెప్పేస్తోంది. ఇక జూపిటర్ నోట్‌బుక్ వాడేవాళ్ల సంగతి. అందులో పైకి కనబడే పేజీ వేరు, వెనక పనిచేసే పైథాన్ వేరు కావచ్చు. అక్కడ నోట్‌బుక్‌లోనే, పిప్ ముందు శాతం గుర్తు పెట్టి కొడితే సరైన చోటుకే చేరుతుంది.

ఇలాంటప్పుడు ఇంటర్నెట్‌లో తరచూ కనబడే సలహా ఒకటుంది. సిస్ డాట్ పాత్ జాబితాకు ఆ రెండో పైథాన్ ఫోల్డర్‌ని మన ప్రోగ్రాములోనే అతికించేయమని. పని జరిగినట్టే ఉంటుంది. కానీ ఒక వెర్షన్ కోసం తయారైన సరుకు ఇంకో వెర్షన్‌కి సరిపడకపోతే, రేపు ఇంకో చోట ఇంకో వింత ఎర్రర్ వస్తుంది. పైగా ఆ చిరునామా స్కూలు కంప్యూటర్‌లో ఉండదు. పరీక్ష ముందురోజు రాత్రి చేయకూడని పని ఏదైనా ఉందంటే అదే.

గట్టు మీది దొంగ డబ్బా

పది దాటింది. అమ్మాయి అన్నయ్య చెప్పినట్టే చేసింది. ఈసారి సరుకు సరైన ఇంటికే చేరింది. ఆశగా ప్రోగ్రాము నడిపింది.

''మళ్లీ అదే ఎర్రర్ అన్నయ్యా!''

''అదేనా? ఒక్క అక్షరం వదలకుండా చదువు.''

చదివింది. అదే!  'మైఎస్‌క్యూఎల్ డాట్ కనెక్టర్ లేదు' అంటోంది. దాని పక్కన ఇంకో చిన్న ముక్క... 'మైఎస్‌క్యూఎల్ ఈజ్ నాట్ ఎ ప్యాకేజ్'. ఎర్రగా కనబడగానే ఎర్రర్ అని మూసేసే అలవాటు అందరికీ ఉంటుంది. కానీ ఆ నాలుగు మాటల్లోనే అసలు గుట్టుంది. మైఎస్‌క్యూఎల్ అనే పేరుతో ఏదో ఒకటి దొరికిందట. కానీ అది ప్యాకేజీ కాదట. అంటే లోపల అరలున్న పెట్టె కాదు, ఒంటి డబ్బా. మరి ఆ పేరుతో ఒంటి డబ్బా ఎక్కడినుంచి వచ్చింది?

''నీ ప్రాజెక్టు ఫోల్డర్‌లో మైఎస్‌క్యూఎల్ అని ఏదైనా ఫైలుందా?''

ఉంది. రెండు నెలల కిందట, డేటాబేస్‌కి కలుస్తోందో లేదో చూద్దామని అయిదు లైన్ల చిన్న ప్రోగ్రాము రాసి, దానికి ముద్దుగా మైఎస్‌క్యూఎల్ అని పేరు పెట్టింది. పైథాన్ ఫైలు కాబట్టి చివర డాట్ పీవై చేరింది. విండోస్ మామూలుగా ఆ చివరి ముక్కను దాచేస్తుంది కాబట్టి ఆమె కళ్లకు ఎప్పుడూ ఆనలేదు. స్కూలుకు తీసుకెళ్లినప్పుడు ప్రాజెక్టు ఫైలొక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లింది. అందుకే అక్కడ నడిచింది. ఇంట్లో రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి. పైథాన్ జాబితాలో మొదటి చోటు ప్రోగ్రామున్న ఫోల్డరే కదా. గట్టు మీదే ఆ పేరున్న డబ్బా కనబడింది. తీసుకుంది. స్టోర్‌రూమ్ దాకా వెళ్లనే లేదు!

ఇది ఒక్క ఈ అమ్మాయి చేసిన పొరపాటు కాదు. అయిదో తరగతి పిల్లాడు తాబేలుతో బొమ్మలు గీసే 'టర్టిల్' నేర్చుకుంటాడు. తన ఫైలుకు టర్టిల్ అనే పేరు పెడతాడు. అంకెలు కలగలిపే 'ర్యాండమ్' నేర్చుకునేవాళ్లు తమ ఫైలుకు ర్యాండమ్ అని పెడతారు. ప్రోగ్రాము తనను తానే తెచ్చుకుని, అందులో ఏమీ లేదని గోలపెడుతుంది. నిన్నటిదాకా పనిచేసిన ఇతర ప్రోగ్రాములు కూడా అదే ఫోల్డర్‌లో ఉంటే అవీ పడిపోతాయి. ఏళ్ల తరబడి కొత్తవాళ్లను ఇది ఏడిపించింది. చివరికి 2024 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.13లో దీనికో ఉపాయం చేశారు. ఇలాంటి చిక్కు వస్తే, 'ఫలానా ఫైలుకు లైబ్రరీలో ఉన్న పేరే పెట్టావు, పేరు మార్చుకుంటే మంచిది' అని ఎర్రర్‌లోనే చెబుతుంది. అంతకుముందు 2022లో వచ్చిన 3.11లో, గట్టు మీద అసలు చూడొద్దని చెప్పడానికి పెద్ద అక్షరం పి అనే స్విచ్ కూడా పెట్టారు. కానీ అది తెలిసినవాళ్లకు ఈ చిక్కు రాదు. చిక్కు వచ్చినవాళ్లకు అది తెలియదు!

అమ్మాయి ఆ ఫైలు పేరు 'పరీక్ష ఒకటి' అని మార్చింది. వెనకటి పైథాన్ 2 రోజుల్లో అయితే పేరు మార్చినా, పక్కనే మిగిలిపోయిన పీవైసీ ఫైలు దెయ్యంలా పట్టుకునేది. పైథాన్ 3లో ఆ బెడద లేదు. వాటిని విడిగా ఓ ఫోల్డర్‌లో పెడుతుంది. అసలు ఫైలు పోతే వాటినీ పట్టించుకోదు.

రికార్డుల్లో పేరు... ఇంట్లో పేరు

పదీ నలభై. ఇంపోర్ట్ లైను దాటింది! సంతోషించేలోగా ఇంకో ఎర్రర్. ఈసారి డేటాబేస్ తలుపు తీయడం లేదు. 'ఆథెంటికేషన్ ప్లగిన్' ఏదో తనకు చేతకాదంటోంది.

''ఇందాక పిప్‌కి ఏ పేరు చెప్పావు?''

''వీడియోలో చెప్పిందే. మైఎస్‌క్యూఎల్ హైఫన్ కనెక్టర్.''

''హైఫన్ పైథాన్ అని చివర లేదా?''

లేదు. ఇక్కడే ఇంకో పేచీ ఉంది. ఇంట్లో అందరూ చిన్నీ అని పిలిచే పిల్లకు స్కూలు రికార్డుల్లో వెంకట లక్ష్మీ ప్రసన్న అని ఉన్నట్టు, పైథాన్ సరుకుకు కూడా రెండు పేర్లుంటాయి. పిప్ తెచ్చే దుకాణంలో ఒక పేరు. ప్రోగ్రాములో ఇంపోర్ట్ దగ్గర రాసే పేరు ఇంకొకటి. ఫొటోల పని చేసే 'పిల్లో'ను తెచ్చుకుంటే ప్రోగ్రాములో రాయాల్సింది పీఐఎల్. 'సైకిట్ లెర్న్' తెచ్చుకుంటే రాయాల్సింది ఎస్‌కెలెర్న్. 'ఓపెన్‌సీవీ పైథాన్' తెచ్చుకుంటే సీవీ2. ఎర్రర్‌లో కనబడిన పేరే దుకాణంలో అడిగితే ఒక్కోసారి దొరకదు. ఒక్కోసారి ఇంకెవరో దొరుకుతారు.

మైఎస్‌క్యూఎల్ వాళ్ల అసలు సరుకు పేరు 'మైఎస్‌క్యూఎల్ కనెక్టర్ పైథాన్'. అదే దుకాణంలో చివర పైథాన్ లేని పొట్టి పేరుతో పాతదొకటి ఉంది. దానికి కొత్త వెర్షన్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. రెండూ ఇంట్లోకి వచ్చాక ఒకే పేరుతో పలుకుతాయి. కానీ 2018లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.0 పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతిని మార్చింది. ఆ కొత్త తాళం పాతదానికి తీయడం రాదు. కాబట్టి ముందు పాతదాన్ని తీసేసి, తర్వాత పూర్తి పేరుతో కొత్తది తెచ్చుకోవాలి. (ఈ రాత్రంతటిలో 'తీసేసి మళ్లీ పెట్టడం' పనికొచ్చింది ఇక్కడొక్కచోటే.)

అమ్మాయి అప్పటికే బ్రౌజర్‌లో ఇంకేదో వెతుకుతోంది. ''ఇక్కడెవరో ఇంకో పేరు రాశారన్నయ్యా, అది కొడితే అయిపోతుందట. కొట్టనా?''

''వద్దు!'' అని అరిచినంత పనిచేశాడు.

పక్కనే ఉన్న నాన్నకు అర్థం కాలేదు. ప్రాజెక్టు పాడైతే అయిందిగానీ, ఓ పేరు కొడితే కొంపలేం మునుగుతాయని.

మునుగుతాయి. పిప్ సరుకు తెచ్చే దుకాణం పేరు పైథాన్ ప్యాకేజ్ ఇండెక్స్. 5 లక్షలకు పైగా ప్యాకేజీలున్నాయి అక్కడ. ఖాతా తెరిచి ఎవరైనా తమ సరుకు పెట్టొచ్చు. దాని గొప్పతనమూ అదే, గొడవా అదే. తొందరలో ఒక అక్షరం అటూఇటూ కొట్టేవాళ్ల కోసం, అసలు పేరును పోలిన పేర్లతో కాచుకుని కూర్చునేవాళ్లుంటారు. 2019 డిసెంబరులో అక్కడ ఒక ప్యాకేజీని పట్టుకుని తీసేశారు. 'జెల్లీఫిష్' అనే మంచి ప్యాకేజీ పేరే. కాకపోతే ఒక ఎల్ అక్షరం స్థానంలో పెద్దబడి ఐ పెట్టారు. తెరమీద రెండూ ఒకేలా నిలువు గీతలు! అది వచ్చినవాళ్ల కంప్యూటర్ నుంచి రహస్య తాళాలు ఎత్తుకుపోయే రకం. దాదాపు ఏడాది పాటు ఎవరి కంటా పడకుండా అక్కడే ఉంది. ఇలాంటివాటిలో కొన్ని, ప్రోగ్రాములో ఇంపోర్ట్ చేయనక్కర్లేదు, పిప్ తెచ్చి విప్పుతుండగానే పని కానిచ్చేస్తాయి.

పిల్లలు మాత్రమే పొరపడతారనుకుంటే పొరపాటు. 2021 ఫిబ్రవరిలో అలెక్స్ బిర్సన్ అనే భద్రతా పరిశోధకుడు ఓ సంగతి బయటపెట్టారు. పెద్ద కంపెనీలు తమ లోపలి అవసరాలకు సొంతంగా ప్యాకేజీలు రాసుకుంటాయి. వాటి పేర్లు బయట దుకాణంలో ఉండవు. ఆయన ఆ పేర్లు సంపాదించి, అవే పేర్లతో హాని చేయని ఉత్త డబ్బాలు బయటి దుకాణాల్లో పెట్టారు. ఆపిల్, మైక్రోసాఫ్ట్, పేపాల్‌తో సహా 35కు పైగా సంస్థల కంప్యూటర్లు సొంత డబ్బా వదిలేసి, బయటి డబ్బా తెచ్చుకున్నాయి! లోపం చూపించినందుకు ఆయా కంపెనీలు ఆయనకు లక్షా 30 వేల డాలర్లకు పైగా బహుమానాలిచ్చాయి. మరుసటేడు డిసెంబరులో ఇదే దారిలో నిజమైన దొంగలే వచ్చారు. కృత్రిమ మేధ పనుల్లో వాడే 'పైటార్చ్' రోజువారీ ప్రయోగ వెర్షన్‌కు 'టార్చ్‌ట్రైటన్' అనే తోడు ప్యాకేజీ ఉంది. పైటార్చ్ వాళ్ల సొంత గిడ్డంగిలో ఉండే ఆ పేరుతోనే ఎవరో బయటి దుకాణంలో ఒకటి పెట్టేశారు. పిప్‌కి బయటిదే ముందు. 2022 డిసెంబరు 25 నుంచి 30 దాకా లినక్స్‌లో దాన్ని తెచ్చుకున్నవాళ్లకు నకిలీ సరుకే వచ్చింది. అది వాళ్ల ఫైళ్లను చదివి బయటికి పంపింది. చూశారుగా... గుంటూరు డైనింగ్ టేబుల్ మీద జరిగిందీ, అమెరికా కంపెనీల సర్వర్లలో జరిగిందీ ఒకటే. ఒకే పేరుతో రెండు డబ్బాలు, ముందు కనబడ్డదానికే ఓటు!

ఇప్పుడు కొత్తగా ఇంకోటి చేరింది. చాట్‌బాట్‌ను అడిగితే ఒక్కోసారి లోకంలోనే లేని ప్యాకేజీ పేరు నమ్మకంగా చెబుతుంది. ఆ లేని పేరును ముందే కనిపెట్టి, దుకాణంలో ఎవరైనా తమ సరుకు పెట్టి కూర్చోవచ్చు. కాబట్టి పేరు ఎవరు చెప్పినా సరే, తయారుచేసినవాళ్ల సొంత వెబ్‌సైట్‌లో ఇన్‌స్టాల్ పేజీ చూసి, అక్కడున్న పేరు అక్షరం పొల్లుపోకుండా కాపీ చేసుకోవడమే క్షేమం.

ఇదంతా విన్నాక నాన్నకు ఓ సంగతి గుర్తొచ్చింది. కరెంటు బిల్లు నుంచి బ్యాంకు దాకా ఆయన కట్టేవన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోనే. పాస్‌వర్డులు కూడా బ్రౌజర్‌లో దాచి ఉన్నాయి. ''అమ్మా, ఆ కిటికీ మూసెయ్యి తల్లీ'' అన్నారు. ఎప్పటికప్పుడు అన్నీ దాచిపెట్టే ఆయన అలవాటు గురించి కొడుకు ఫోన్‌లోనే ఓ చిన్న ఉపన్యాసం ఇచ్చాడుగానీ అది వేరే వారానికి సరిపడేంత ఉంది.

పెన్‌డ్రైవ్‌లో ఏం వేసుకోవాలి?

అసలు ప్రాజెక్టు మొదలుపెట్టే రోజునే దానికంటూ విడిగా ఓ చిన్న వంటిల్లు కట్టుకుంటే ఈ రాత్రి వచ్చేదే కాదు. 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి ఆ ఏర్పాటు పైథాన్‌తోపాటే వస్తోంది. పేరు వీఎన్వీ... వర్చువల్ ఎన్విరాన్‌మెంట్. ఒక ప్రాజెక్టు కోసం తెచ్చుకున్నవి ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి, ఇంకోదానితో కలవవు. అయితే ఒక మాట. ఆ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని స్కూలుకు తీసుకెళ్తే నడవదు. దాని నిండా ఇంటి కంప్యూటర్ చిరునామాలే ఉంటాయి మరి. తీసుకెళ్లాల్సింది ప్రోగ్రామూ, ఏ ప్యాకేజీలు ఏ వెర్షన్లు కావాలో చెప్పే జాబితా. 'పిప్ ఫ్రీజ్' అంటే ఆ జాబితా రాసిస్తుంది. ల్యాబులో ఇంటర్నెట్ ఉండదనుకుంటే 'పిప్ డౌన్‌లోడ్'తో ఫైళ్లు ముందే దించుకుని వెళ్లొచ్చు. ల్యాబు పైథాన్ వెర్షనూ, ఇంటి వెర్షనూ ఒకటేనా అన్నది మాత్రం ముందే కనుక్కోవాలి.

ఈ అమ్మాయికి అంత అవసరం రాలేదు. స్కూలు కంప్యూటర్‌లో కనెక్టర్ ముందునుంచీ ఉంది. పదకొండూ పావుకు పూర్తి పేరుతో కొత్తది వచ్చింది. ప్రోగ్రాము నడిచింది. పుస్తకాల పట్టిక తెరమీద పరుచుకుంది. వాళ్లమ్మ గ్లాసులో పాలు తెచ్చి పక్కన పెట్టి, ''ఇదేంటే, జరిమానా మైనస్ ఆరు రూపాయలంటోంది? లైబ్రరీ వాళ్లే ఎదురిస్తారా?'' అంది.

నిజమే. అమ్మాయి తేదీల్ని తిరగేసి తీసివేసింది. ఇచ్చిన తేదీలోంచి ఇవ్వాల్సిన తేదీ తీసేయాల్సింది పోయి, ఇవ్వాల్సినదాంట్లోంచి ఇచ్చినది. ఇది ఆమె చేతి తప్పే. ఎక్కడుందో ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు నిమిషాల్లో సరిచేసింది. ప్రాజెక్టు ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుంది. 'పరీక్ష ఒకటి' ఫైలును ల్యాప్‌టాప్‌లోనే వదిలేసింది.

ఫోన్‌లో అన్నయ్య ఇంకా లైన్లోనే ఉన్నాడు. ''అమ్ములూ, నా అనకొండ జోలికి మాత్రం వెళ్లకు'' అన్నాడు ఆవలిస్తూ.